మగ్గం మీద మాడిన బల్బులు

ఎల్‌ఈడీ బల్బు అట్టపెట్టె మీది మాటలు చదివితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏళ్ళ తరబడి వెలుగుతుందని రాస్తారు. పక్కన నవ్వుతున్న ఓ కుటుంబం బొమ్మ వేస్తారు. ఆ బొమ్మలోని అమ్మానాన్నలు, పిల్లలు ఏ ఊళ్ళో ఉంటారో గానీ మహారాష్ట్ర సోలాపూర్‌లోని మా నేతపేట నీలం నగర్‌లో మాత్రం ఉండరు. మా ఇంట్లో ఏ బల్బూ దసరా నుంచి ఉగాది దాకా నిండుగా వెలిగిన పాపాన పోలేదు. పోతే పోయింది, ఇంకోటి కొనుక్కోవచ్చు కదా అంటారు వినేవాళ్ళు. కొనుక్కోవచ్చు. కానీ మా ఇంట్లో బల్బులు పోతే ఆ నేరం ఒక మనిషి కళ్ళ మీద పడింది. నా కోపం అక్కడ మొదలైంది, ఇంకా చల్లారలేదు.

ఆ మనిషి మా మామ, నా భర్త తండ్రి. మాది పొడుగాటి ఇల్లు. ముందు సగం మగ్గాలది, వెనక సగం మాది. ముందు గదిలో రెండు మరమగ్గాలు, వాటి మధ్య మామ. పని ఇచ్చే వ్యాపారి సేఠ్, నూలు చుట్టిన బీమ్ అనే పెద్ద దండె పంపిస్తే మామ టవళ్ళు నేసి ఇచ్చేవాడు. నేను బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో, బీడీలు చుట్టే ఇంట్లో పుట్టినదాన్ని. ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి మగ్గం అంటే చప్పుడు తప్ప ఇంకేమీ తెలియదు. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే కండెలకు నూలు ఎలా చుట్టాలో మామే నేర్పాడు. అత్త నేను రాకముందే పోయింది. నేను ఒక మూల కండెలు చుడుతూ ఉంటే ఆయన రెండు మగ్గాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉండేవాడు. మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. ఆ చప్పుడులో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి.

మా పాత మగ్గాలకు ఒక దుర్గుణం ఉంది. పడుగులో, అంటే నిలువు దారాల్లో, పోగు తెగినా అవి ఆగవు. మనిషే కంటితో పట్టుకోవాలి, మగ్గం ఆపి ముడి వేయాలి. పట్టుకోకపోతే టవల్ పొడుగునా సన్నని గీత పడుతుంది. గీత పడ్డ దాన్ని సేఠ్ ఫాల్టు మాల్ అని పక్కకు తోసేస్తాడు. అన్ని వందల పోగుల మధ్య లేని పోగును చూడడమే మామ పని. నేను పక్కన నిలబడి ఎంత చూసినా నాకు తెల్లటి గోడలా కనిపించే చోట ఆయన చటుక్కున వంగి ముడి వేసేవాడు.

ఆ గదిలో పట్టపగలు కూడా బల్బు వెలగాల్సిందే. కిటికీ ఉంది గానీ తెరవం. గాలి వస్తే నూగు లేస్తుంది. టవల్ నూలు నుంచి రాలే ఆ దూది నూగు మా జుట్టు మీద, కనుబొమల మీద, అన్నం గిన్నె మీద, దేవుడి పటం మీద పడుతూనే ఉంటుంది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ తెల్లగా పేరుకుంటుంది. పెళ్ళైన కొత్తలో నేను రోజంతా తుమ్ముతూ ఉంటే మామ నవ్వేవాడు. "బీడీల పొగాకుకు తుమ్మని ముక్కు, నూగుకు తుమ్ముతున్నది సూడు" అనేవాడు.

నూగును చూసి నవ్వే మామ, బల్బు మీద నూగు పడితే మాత్రం వణికిపోయేవాడు. ఆయన కుర్రతనంలో పనిచేసిన కార్ఖానాలో పాత రకం వేడి బల్బు మీద పేరుకున్న నూగు అంటుకుందట. నిప్పు తీగ వెంట పాకి బీమ్‌ల మీదికి దూకిందట. ఆయన కుడి అరచేతిలో ముడతలు పడిన మచ్చ అప్పటిదే. అందుకే గుండు బల్బుల కాలమంతా రోజుకు రెండుసార్లు మగ్గం ఆపి, బల్బు ఆర్పి, పొడిగుడ్డతో తుడిచేవాడు. మా గల్లీలో ఆ భయం లేని ఇల్లు లేదు.

ఎల్‌ఈడీలు వచ్చాక గల్లీ అంతా ఊపిరి పీల్చుకుంది. ఈ బల్బు వేడెక్కదన్నారు. వెలుగుతుండగా చేత్తో పట్టుకుని చూపించారు. నిజమే, చెయ్యి కాలలేదు. కాలని బల్బుకు ప్లాస్టిక్ తొడిగితే కరగదు గదా అని ఎవరికి మొదట తోచిందో తెలియదు. కిరాణా దుకాణాల్లో చాక్లెట్లు పోసి పెట్టే పారదర్శకమైన డబ్బాలు తెచ్చి, మూతకు రంధ్రం కోసి, హోల్డర్‌కు బిగించి, బల్బును డబ్బాలో కూర్చోబెట్టడం మొదలైంది. నూగు డబ్బా మీద పడుతుంది, బల్బును తాకదు. అమావాస్యకు మగ్గాలు తుడిచి కొబ్బరికాయ కొట్టే రోజున డబ్బాలు విప్పి కడిగి మళ్ళీ బిగించేవాళ్ళు. మా మామ అయితే మూత చుట్టూ గాలి కూడా దూరకుండా నల్ల టేపు చుట్టేవాడు. చుట్టాక కింద నిలబడి ఒకసారి తృప్తిగా చూసుకునేవాడు. ఇక నిప్పు అంటుకోదు అనే ధీమా అది.

నిప్పు అంటుకోలేదు. బల్బులు చచ్చిపోవడం మొదలైంది. ఒకటి ఉన్నట్టుండి ఆరిపోయేది. ఇంకొకటి కొన్నాళ్ళు మిణుకుమిణుకుమని ఆరిపోయేది. మూడోది ఆరేది కాదు, వెలిగేది కాదు, జ్వరం వచ్చిన మనిషిలా నీరసంగా ఉండేది. వెలుగుతూనే ఉంది కదా అని దాన్ని మార్చేవాళ్ళం కాదు. కొత్తది తెస్తే దానికీ కొద్ది నెలల్లో అదే గతి. నా భర్త ఒక బల్బు పోయిన ప్రతిసారీ అంతకంటే చవకది తెచ్చేవాడు. ఎట్లాగూ పోయేదానికి మంచిది ఎందుకని ఆయన వాదం.

ఎవరిని అడిగినా ఇంకొకరి మీదికి తోసేవారు. దుకాణం వాడు కరెంటు సరిగా లేదన్నాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు గల్లీలోని మగ్గాలన్నీ ఒక్కసారి అందుకుంటాయి, బల్బులు గతుక్కుమంటాయి, నిజమే. కరెంటు వాళ్ళు మీ మగ్గాల వల్లే అన్నారు. నా భర్త చైనా మాల్ అన్నాడు. పెట్టె మీద కంపెనీ నంబరు ఉంటే ఫోన్ చేశాను. ఒక ఆడపిల్ల తియ్యటి హిందీలో బిల్లు ఫొటో పంపమంది. నీలం నగర్‌లో బల్బుకు బిల్లు ఇచ్చే దుకాణం ఏదో చెప్తే వెళ్ళి తెచ్చుకుంటానన్నాను. ఫోన్ పెట్టేసింది.

ఈ మధ్యలో టవళ్ళ మీద గీతలు పడడం మొదలైంది.

మొదట ఒకటీ అరా. తర్వాత కట్టకు నాలుగైదు. సేఠ్ మా కులం వాడే, మా భాషే మాట్లాడతాడు, మా పెళ్ళిళ్ళకు వచ్చి భోంచేస్తాడు. ఒక రోజు గుమ్మంలోనే స్కూటర్ ఆపి, టవళ్ళు ఒక్కొక్కటే విప్పి, వీధి వెలుతురులో పట్టుకుని చూపించాడు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"కాకా, ఇది సూడు. గీత. ఇది సూడు, మళ్ళ గీత. కండ్లు పోయినయి కాకా నీవి. ఇగ బస్ చెయ్. ఇంట్ల కూసొని రామ రామ అనుకో."

మామ ఏదో అంటాడని చూశాను. ఆయన కింద పడ్డ టవల్ తీసి, దుమ్ము దులిపి, మడతపెట్టాడు. అంతే.

ఆ సాయంత్రం నా భర్త యూనిఫాంలు కుట్టే కార్ఖానా నుంచి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా తీర్పు చెప్పేశాడు. "మగ్గాలు భంగార్‌కు ఇచ్చేద్దాం. అమావాస్య పూజ అయినంక భంగారోడు బండి తీస్కొని వస్తా అన్నడు. మాట ఇచ్చిన. ముందర గది కిరాయికి ఇస్తే సరిపాయె."

భంగార్ అంటే పాత ఇనుము. మా గల్లీలో ఇప్పటికే ఎన్నో మగ్గాలు అలా తూకానికి వెళ్ళాయి. సుత్తులతో విరగ్గొట్టి బండిలోకి విసిరేస్తారు. ఆ చప్పుడు నాకు తెలుసు. మామకు ఇంకా బాగా తెలుసు.

"నీ ఇష్టం రా" అన్నాడు మామ.

ఆ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా భర్త మీద కోపం వచ్చింది, సేఠ్ మీద వచ్చింది, అందరికంటే ఎక్కువ మామ మీద వచ్చింది. "నువ్వన్న ఏమన్న అను మామా. నీ మగ్గాలు గదా" అన్నాను. "ఏమనాలె బిడ్డా, పోగు కనిపిస్తలేదు అన్నప్పుడు మగ్గం దేనికి" అన్నాడు. కళ్ళ డాక్టర్ దగ్గరికి పోదామంటే వద్దన్నాడు. అడిగిన ప్రతిసారీ లేచి వెళ్ళిపోయాడు. మా నాన్నే అయితే చెయ్యి పట్టుకుని లాక్కుపోయేదాన్ని. మామ కదా, అంత చనువు చేయలేకపోయాను.

మర్నాడు నేను కండెలు చుట్టే యంత్రం మీది బల్బు కూడా ఆరిపోయింది. అది చివరి దెబ్బ. చచ్చిన బల్బులన్నీ మామ ఒక గోనెసంచిలో పడేసి ఉంచేవాడు. పారేయడం ఆయనకు చేతకాదు. ఆ సంచి భుజాన వేసుకుని అక్కల్‌కోట్ రోడ్డు మీది దుకాణానికి వెళ్ళాను. దుకాణం బల్ల మీద గుమ్మరించాను. అవి దొర్లుకుంటూ వెళ్ళి ఫ్యాన్ల పెట్టెల మధ్య పడ్డాయి. కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు పక్కకు జరిగారు.

"అన్ని నీ దుకాణంలయే. మార్చి ఇయ్యి" అన్నాను.

"బిల్లు ఏది అక్కా?"

"నువ్వు ఎప్పుడన్న బిల్లు ఇచ్చినవా?"

"పెట్టెలన్న ఉన్నయా?"

"పెట్టెలు ఎలుగుతయా ఏంది, దాచిపెట్టనీకి?"

ఆయన నా గొంతు తగ్గించాలని చూశాడు. నేను ఇంకా పెంచాను. దొంగ సరుకు అమ్ముతున్నావన్నాను. గల్లీలోని ఆడవాళ్ళందరినీ తీసుకొస్తానన్నాను. చివరికి ఆయనకూ రోషం వచ్చింది. సరుకు మంచిదే, తప్పు మీదే అని రుజువు చేయడానికి ఒక బల్బు తీసుకుని స్క్రూడ్రైవర్‌తో దాని తెల్లటి బుర్ర ఊడదీశాడు. లోపల పలుచటి పళ్ళెం, దాని మీద వెలుగునిచ్చే పసుపు గింజలు. ఒక గింజ మధ్యలో నల్లటి చుక్క. పళ్ళెం లేపాడు. అడుగున వేలి గోరంత ఉండే చిన్న గొట్టం లాంటిది ఉంది. దాని తల ఉబ్బి పగిలి ఉంది. చుట్టుపక్కల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. ఇంకొకటి ఊడదీశాడు. అదీ అంతే. మూడోదీ అంతే.

ఆయన తలెత్తి నన్ను వింతగా చూశాడు. "వీటిని ఏడ పెట్టిండ్రు అక్కా? పొయ్యిల పెట్టిండ్రా?"

"మగ్గాల మీద. ప్లాస్టిక్ డబ్బాల. నూగు పడొద్దని."

"మూసిన డబ్బాలనా?"

"టేపు కూడ చుడతడు మా మామ."

దుకాణం వాడు నవ్వాడు. ఆ నవ్వుకు చెంప పగలగొట్టాలనిపించింది. "ఇంకేంది మరి. మూత పెట్టి అన్నం ఉడకబెట్టినట్టు బల్బును ఉడకబెట్టిండ్రు."

"అది వేడెక్కదు గదా. చెయ్యి పెడితే సల్లగనే ఉంటది."

"బుర్ర సల్లగ ఉంటది. మెడ పట్టుకొని సూసిండ్రా ఎప్పుడన్న? వేడి అంతా మెడలనే. గాలి తగిలితే పోతది. డబ్బాల ఏడికి పోవాలె? లోపటి సామాన్ ఎండిపోయి చస్తది."

మా గల్లీలో ఒక్కరమూ మెడ పట్టుకుని చూడలేదు. నిప్పుకు భయపడ్డ మనుషులం, నిప్పు లేదనగానే వేడి కూడా లేదనుకున్నాం. కానీ ఆ మాట ఒప్పుకుని ఊరుకునే రకం కాదు నేను. "డబ్బాల పెట్టొద్దని పెట్టె మీద రాయాలె గదా" అన్నాను. ఆయన కొత్త పెట్టె ఒకటి తీసి అడుగు భాగం చూపించాడు. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. ఏళ్ళ తరబడి వెలుగుతుందనే మాట మాత్రం పెట్టెకు నిలువెత్తున ఉంది. ఆ ఏళ్ళ లెక్క కూడా ఎట్లా వేస్తారో ఆయన నోటి నుంచే వచ్చింది. చల్లటి గదిలో, గాలాడేచోట, సాయంత్రం కొద్దిసేపు వెలిగే ఇంటి లెక్క అది. పొద్దు పొడిచింది మొదలు పడుకునేదాకా వెలిగే మగ్గాల గది ఆ లెక్కలోనే లేదు. లెక్కలో లేని మాకు అమ్మడానికి మాత్రం మొహమాటం లేదు వాళ్ళకు.

నేను పాత బల్బు ఒకటి, కొత్త బల్బు ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని చూశాను. కొత్తది దూదిలా ఉంది. "ఇంత తేలిక ఏంది?" అని అడిగాను. దుకాణం వాడు కొంచెం మెత్తబడ్డాడు. వేడిని బయటికి లాగే అల్యూమినియం రేకు పలుచన చేశారట. గింజలు తగ్గించారట. తగ్గించిన గింజలతోనే అంతే వెలుతురు రావాలని వాటి మీద కరెంటు ఎక్కువ తోస్తారట. నలుగురి పని ఇద్దరితో చేయించి, ఆ ఇద్దరూ పడిపోతే పనిచేతకాదని పంపేయడం మా పేటలో కొత్త సంగతి కాదు. బల్బులో కూడా అదే నడుస్తుందని ఆ రోజు తెలిసింది.

"మరి కొన్ని ఎలుగుతనే ఉండి నీరసం అయితయి. అది దేనికి?" అని అడిగాను.

"అన్ని ఒక్కసారి పోవు అక్కా. వేడికి గింజలు రోజింత మసక అయితయి. ఇంట్లోళ్ళకు తెల్వనే తెల్వది. రోజు సూసే కండ్లు అలవాటు పడతయి. బయటోళ్ళు వచ్చి ఏందిరా ఇంత చీకటి అంటే అప్పుడు తెలుస్తది."

చేతిలోని బల్బులు బల్ల మీద పెట్టేశాను. మామ కళ్ళు. సేఠ్ వీధి వెలుతురులో పట్టుకుని చూపించిన గీతలు. పసుపుపచ్చగా మాసిపోయిన డబ్బాలు, వాటిలో ఉడికి సగం చచ్చిన బల్బులు, వాటి కింద వందల పోగుల్లో లేని పోగును వెతుక్కుంటూ ముసలాయన. నాకూ ఆ మధ్య కండెల నూలు సరిగ్గా కనిపించక తల నొప్పి వచ్చేది. పొగాకు దుమ్ములో పెరిగిన కళ్ళు కదా అనుకున్నాను. ఇంట్లో ఒక్కరం కూడా గది చీకటి పడిందని అనుకోలేదు.

దుకాణం వాడు ఒక్క బల్బు కూడా మార్చి ఇవ్వలేదు. ఆయన్ని తిట్టి, ఆయన దగ్గరే ఉన్నవాటిలో బరువైనవి ఏరి కొనుక్కుని వచ్చాను. ఇంకో దుకాణం ఉంటే అక్కడ కొనేదాన్ని. అక్కడా ఇదే సరుకు.

ఇంటికి రాగానే మగ్గాల మెయిన్ ఆపి, స్టూలు ఎక్కి, డబ్బాలు పీకడం మొదలుపెట్టాను. మామ కంగారుగా వచ్చాడు. "ఏం చేస్తున్నవ్ బిడ్డా. నూగు అంటుకుంటది. నేను సూసిన, నీకు తెల్వది" అంటూ స్టూలు పట్టుకున్నాడు. మచ్చ ఉన్న చేత్తోనే పట్టుకున్నాడు. నేను మెల్లగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. దుకాణంలో మొదలైన కోపం ఇంకా గొంతులోనే ఉంది.

"నీ డబ్బాలే చంపినయి మామా బల్బులను. మూసిపెట్టి ఉడకబెట్టినవ్."

ఆయన స్టూలు వదిలేశాడు. నేను కొత్త బల్బులు కాస్త పొడుగాటి వైరుతో కిందికి వేలాడేలా, డబ్బాలు లేకుండా బిగించాను. రోజుకు రెండుసార్లు ఆర్పి, చల్లారాక తుడిచే పూచీ నాదన్నాను. స్విచ్ వేశాను.

ఆ గది గోడలు అంత మాసి ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. మామ ఒకసారి బల్బు వైపు తలెత్తి చూశాడు. తర్వాత ఆగి ఉన్న మగ్గం దగ్గరికి వెళ్ళి పడుగు మీదికి వంగాడు. చెయ్యి ఎటూ తడుముకోకుండా ఒకే చోటికి వెళ్ళింది. తెగిన పోగును పట్టి, ముడి వేసి, పక్కకు జరిగాడు. మరో చోట ఇంకొకటి. అదీ ముడి వేశాడు. అప్పుడు మగ్గం పలక మీద కూర్చుని మొహం కప్పుకున్నాడు.

"నా కండ్లే పోయినయి అనుకున్న బిడ్డా" అన్నాడు.

"చీకటి అయితున్నదని ఒక్కసారన్న చెప్పొద్దా మామా?"

"ఎట్ల చెప్తనే. చీకటి ఉన్నదంటే ముసలోనికి కండ్లు కనిపిస్తలేవు అంటరు. డాక్టర్ కాడికి పోతే అదే మాట రాసిస్తడు. ఊకె ఉంటే కొన్ని దినాలన్న మగ్గం మీద ఉంటా అనుకున్న."

అందుకా ఆయన డాక్టర్ పేరెత్తితే లేచి వెళ్ళిపోయింది. నెలల తరబడి ఆ మనిషి చీకట్లో పోగులు వెతుక్కుంటూ, దొరకని ప్రతి పోగుకూ తనను తానే తిట్టుకుంటూ, పైకి ఒక్క మాట అనకుండా గడిపాడు. బల్బు చేసినవాడికి ఇది తెలియదు. తెలిసినా వాడికేం పట్టింది. నేను ఏడవలేదు. ఏడుపు కంటే కోపమే నాకు తొందరగా వస్తుంది.

నా భర్తకు ఆ రాత్రి అన్నం పెడుతూ అంతా చెప్పాను. "బల్బు మారిస్తే కండ్లు వస్తయా" అన్నాడు. "నేసినంక సూడు" అన్నాను. భంగార్ వాడికి ఇచ్చిన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అమావాస్య ముందు రోజు సేఠ్ మాల్ తీసుకుపోవడానికి వచ్చాడు. నా భర్తకు ఆ రోజు సెలవు. సేఠ్ లోపలికి వచ్చి, బల్బు కింద నిలబడి టవళ్ళు విప్పాడు. ఒకటి, ఇంకొకటి, మరొకటి. వేళ్ళతో రాసి చూశాడు. కట్ట అడుగు నుంచి కూడా లాగి చూశాడు. మొహం విప్పారింది.

"ఎకదమ్ బరోబర్. కొత్త కామ్‌గార్‌ను పెట్టిండ్రా?"

కొత్త పనివాడు. నేను నా భర్త వైపు చూశాను. ఆయన మెడ వెనక గోక్కుంటూ, "ఆ... అవును సేఠ్" అన్నాడు. ఆపిన రెండో మగ్గం దగ్గర మామ వింటూనే ఉన్నాడు. తల ఎత్తలేదు. కండె మారుస్తున్నట్టు వంగిపోయాడు. కన్నకొడుకే తన పనిని ఇంకెవరికో ఇచ్చేస్తుంటే కూడా ఆ మనిషి ఊరుకున్నాడు. నా వల్ల కాలేదు.

"కొత్తోళ్ళు ఎవ్వరు లేరు సేఠ్. మా మామనే నేసిండు" అన్నాను.

సేఠ్ నన్ను చూశాడు, మామను చూశాడు. మడతపెట్టిన టవల్‌ను మళ్ళీ విప్పాడు. ఈసారి కళ్ళు చిట్లించుకుని, ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఇప్పుడే తానే మెచ్చుకున్న టవల్ అది.

"హా. ఇగో, ఇక్కడ. సన్నగ ఉన్నది గీత. అనుకున్న."

మామ మగ్గం వదిలి వచ్చాడు. చేతులు లుంగీకి తుడుచుకుని, టవల్ తీసుకుని, సేఠ్ వేలు పెట్టిన చోటును వెలుతురుకు ఎత్తి చూశాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

"ఏడ సేఠ్? నాకు కనిపిస్తలేదు."

"అదే గదా కాకా నేను చెప్పేది."

మామ చేతులు కిందికి జారాయి. నేను ఆ టవల్ లాక్కున్నాను. చూశాను. అక్కడ ఏమీ లేదు. "నాకు కూడ కనిపిస్తలేదు" అన్నాను. సేఠ్ నవ్వి, నీకేం తెలుసు అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను నా భర్త ముందుకు వెళ్ళి టవల్ ఆయన చేతుల్లో కుక్కాను.

"నువ్వు సూడు. నీకు నేర్పింది మీ నాయననే గదా. సూసి చెప్పు."

ఆయన సేఠ్ మొహం చూశాడు. బీమ్ పంపించేది సేఠ్. తర్వాత టవల్‌ను బల్బు కిందికి తీసుకెళ్ళి రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. ఒక కొస నుంచి మెల్లగా చూస్తూ వెళ్ళాడు. కార్ఖానాలో కుట్టుమిషన్‌కు అలవాటుపడ్డ ఆ చేతుల్లో నేతపని ఇంకా మిగిలే ఉందని నాకు అప్పుడు కనిపించింది.

"గీత లేదు సేఠ్" అన్నాడు. "మా నాయన మాల్‌ల గీత లేదు."

సేఠ్ ఏదో అనబోయాడు. మామ అడ్డుపడ్డాడు. కానీ ఆయన మాట్లాడింది సేఠ్‌తో కాదు.

"మళ్ళొక్కసారి సూడు రా. నేను నేసిన అని సూడకు. ఎవడో నేసిండు అనుకొని సూడు. నాకు నిజం కావాలె."

నా భర్త టవల్‌ను తిరగేసి రెండో కొస నుంచి మొదలుపెట్టాడు. సేఠ్ స్కూటర్ తాళం వేళ్ళ మధ్య తిప్పుకుంటూ నిలబడ్డాడు. మామ టవల్‌ను చూడలేదు. కొడుకు కళ్ళనే చూస్తూ ఉన్నాడు.

"లేదు నాయనా. ఏం లేదు."

మామ తల ఊపాడు. వెళ్ళి తన మగ్గం పక్కన నిలబడి దాని చెక్క మీద చెయ్యి వేశాడు.

"అయితే ఆ భంగార్ బండిని రావొద్దని చెప్పు" అన్నాడు.